అంచు మీద పాదం

పడవ కట్టేవాడు ఎవడైనా నీళ్ళున్న చోట కట్టుకుంటాడు. మల్లేశ్వరరావు రాయపూర్‌లో, రైల్వే క్వార్టరు పెరట్లో, జామచెట్టుకీ స్నానాల గదికీ మధ్య కట్టాడు. అక్కణ్ణించి సముద్రం లారీలో రెండు రోజుల దూరం. వేగన్లు బాగుచేసే షాపులో ముప్ఫై మూడేళ్ళు వడ్రంగం చేసినవాడు కనక చేతికి పనొచ్చు, బుర్ర సంగతే ఎవరికీ నమ్మకం లేకపోయింది. కాలనీలో హిందీవాళ్ళు ముద్దుగా 'జహాజ్ మిస్త్రీ', అంటే ఓడ మేస్త్రీ, అని పేరు పెట్టారు. తెలుగువాళ్ళకి ఆ ముద్దు కూడా లేదు, పిచ్చి మల్లేశు అనేవారు. ఆరేళ్ళు అందరి నోళ్ళలోనూ నాని, చివరికి రిటైరైన పదో రోజున, ఎనభై నాలుగు మే నెలలో, పడవ పూర్తయింది.

ఇరవై రెండడుగుల పడవ. మధ్యలో వంగి దూరేంత చిన్న గది, అందులో ఇద్దరు పడుకునే బల్ల, బల్ల కింద బియ్యం డబ్బాకి చోటు. గది బయట మూడు వైపులా రేకు కొట్టిన పొయ్యి గూడు. ఆ గూడు ఎంతుండాలో వరహాలమ్మ తన జానతో కొలిచి చెప్పింది. భీమిలి నించి కళింగపట్నం దాకా, ఓపికుంటే భావనపాడు దాకా, గాలి ఎటుంటే అటు, రేవు రేవుకీ ఆగుతూ, వండుకు తింటూ బతకాలని వాళ్ళ ఆలోచన. ఆలోచన ఆయనది. పెళ్ళయిన కొత్తలో "మన పడవ, మన పొయ్యి, పొద్దున ఓ రేవు, సాయంత్రం ఓ రేవు" అని మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉన్నాడు.

వరహాలమ్మ రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగిన మనిషి. సముద్రం రెండుసార్లు చూసింది, రెండుసార్లూ చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడింది. అయినా ఆరేళ్ళూ మధ్యాహ్నాలు ఆ పడవ కిందే గడిపింది. పలకకీ పలకకీ మధ్య సందుల్లో దూది పేనిన తాడు పెట్టి మొండి ఉలితో కూరడం ఆమె పని. బస్తర్ సంత నించి తెప్పించిన గుగ్గిలం నూనెలో కాచి, ఆ వేడి జిగురు దూది మీద పామడం కూడా ఆమె పనే. కళ్ళల్లో పొగ, వేళ్ళ నిండా బొబ్బలు. తెరచాప చేత్తోనే కుట్టింది. "నువ్వు కట్టావు, నేను అతికించాను" అని నవ్వేది.

ఒక్క మాట మాత్రం మల్లేశ్వరరావు ఆమెకి ముప్ఫై ఏళ్ళలో చెప్పలేదు. భీమిలి అవతల వాళ్ళ పల్లెలో ఆడది పడవ ఎక్కదు. ఎక్కితే ఆ పడవకి మైల అంటుకుందంటారు, రేవులో చోటివ్వరు. ఎప్పుడో అప్పుడు చెప్పచ్చులే అనుకున్నాడు. ఆ తరవాత చెప్పే అవసరమే రాదులే అనుకున్నాడు. చెప్పకుండా దాచిన మాట ముల్లులాంటిది, గుచ్చుకున్నవాడు మర్చిపోయినా కాలు మర్చిపోదు.

దానయ్య ఆయన పెదనాన్న కొడుకు. పల్లెలో పెద్ద. రేవులో ఏ పడవ ఎక్కడుండాలన్నది ఆయన నోట రావలసిందే. ఉత్తరం రాస్తే రైలెక్కి వచ్చి, పడవ చుట్టూ మూడుసార్లు తిరిగి, పలకలు మెటికలతో కొట్టి చూసి, "బాగానే కట్టినావురా మల్లేసూ" అన్నాడు. ఆరేళ్ళు పిచ్చివాడనిపించుకున్న మనిషికి ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయింది.

ఆదివారం పొద్దున్నే పడవని నీళ్ళు ముట్టించడానికి పట్టుకెళ్ళారు. ధర్సీవా దగ్గర, నేలకి పరిచే ఫర్సీరాయి తవ్వి తవ్వి వదిలేసిన ఖదాన్ ఒకటుంది. పాత వానలకి నిండిన గొయ్యి, మే నెలలో కూడా రెండు నిలువుల లోతు. రాళ్ళ బళ్ళు దిగడానికి చేసిన ఏటవాలు దారి నీళ్ళలోకి పోతుంది. లారీ పరదేశి అనే డ్రైవరుది. భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టులో ఉంటాడు, వరహాలమ్మని పిన్ని అంటాడు. గురువారం పడవని సముద్రానికి చేర్చేదీ అతనే. వెనకాల కాలనీ తెలుగువాళ్ళు టెంపో మాట్లాడుకుని మరీ వచ్చారు. నలభై మంది దాకా ఉంటారు. మునిగితే నవ్వడానికి కొందరు, తేలితే ఆశ్చర్యపోవడానికి కొందరు, పులిహోర కోసం మిగిలినవాళ్ళు.

దుంగల మీద దొర్లించి, తాళ్ళు పట్టి, పడవని దింపారు. ముందు సగం నీళ్ళలో, వెనక సగం గట్టు మీద. దానయ్య పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాడు. మల్లేశ్వరరావు తాడు చేతికి చుట్టుకుని వరహాలమ్మ వైపు చూశాడు. ఆమె కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది. తడి మట్టి కాలితో పడవ అంచు మీద అడుగు వేసింది. ఒక చెయ్యి ఆయన భుజం మీద ఉంది.

"ఆగమ్మా." దానయ్య గొంతు పెద్దగా కూడా లేదు. "నువ్వెక్కడికి?"

ఆమెకి అర్థం కాలేదు. మొగుడి మొహం చూసింది.

"ఆడది అడుగెట్టిన పడవ సముద్రానికి పనికొస్తాదేటి? ఏటిరా మల్లేసూ, నువ్వు సెప్పలేదా?"

నలభై మందీ మాటలాపి చూశారు.  మల్లేశ్వరరావు 'చెప్పలేదన్నా' అని ఒప్పుకోవచ్చు. 'ఈ పడవ ఆమెదీ నాదీ అన్నా' అని కూడా అనచ్చు. ఆ రెండూ నోటికి రాలేదు. వచ్చిన మాట వేరే.

"నిన్నెవరెక్కమన్నారే?" అన్నాడు పెళ్ళాంతో.

వరహాలమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. కోపంగా కాదు, దుకాణంలో సరుకు మారిపోయి వస్తే చూసినట్టు. భుజం మీద చెయ్యి తీసేసింది, కాలు దింపేసింది. పక్కింటి పార్వతమ్మ పక్కకి వెళ్ళి నిలబడింది. అంచు మీద పాదం అచ్చు మిగిలింది, అయిదు వేళ్ళూ తెలిసేలా, ఎర్రమట్టితో.

"పసుపునీళ్ళోసి కడుగు," అన్నాడు దానయ్య. "నీ సేత్తోనే కడుగు."

కడిగాడు. మొదటిసారికి వేళ్ళ గుర్తులు పోలేదు. కండువా కొస తడిపి రుద్దాడు. గుర్తు పోయాక కూడా తలెత్తకుండా రుద్దుతూనే ఉన్నాడు. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

పడవ తేలింది. అందరూ అరిచారు, పిచ్చి మల్లేశు అన్నవాళ్ళే ఎక్కువ అరిచారు. దానయ్యా, ఆయనా, పరదేశీ ఎక్కి తెడ్లు వేస్తూ ఖదాన్ నడిమధ్యకి పోయారు. అక్కడ మల్లేశ్వరరావు పాదాలకి చల్లగా తగిలింది. అడుగు పలకల సందుల్లోంచి నీళ్ళు చెమట పట్టినట్టు వస్తున్నాయి. కాసేపటికి చెమట కాదు, చీలమండ దాకా వచ్చాయి. గట్టు మీద అరుపులు ఆగిపోయాయి.

"సూసినావా," అన్నాడు దానయ్య. "అడుగు పడ్డాదో లేదో."

పడవని వెనక్కి తెచ్చి గట్టుకి కట్టేశారు. గట్టు మీద మాట అప్పటికే పాకింది. ఆడవాళ్ళు వరహాలమ్మ నించి అర అడుగు జరిగారు. అర అడుగే, కానీ జరిగారు. ఎవరో, "పాపం, ఆరేళ్ళ కష్టం, ఒక్క కాలితో" అన్నారు.

మల్లేశ్వరరావుకి నీళ్ళెందుకొచ్చాయో తెలుసు. ఆరు వేసవుల రాయపూర్ ఎండ తాగిన కర్ర ముడుచుకుపోతుంది. నీళ్ళలో రెండు రోజులుంచితే ఊరి, ఉబ్బి, సందులు అదే మూసేస్తుంది. వడ్రంగి పిల్లలకి కూడా తెలిసిన సంగతి. 'కర్ర ఎండిందయ్యా, అంతే' అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. చెబితే దానయ్య మాట కొట్టేసినట్టవుతుంది, రేవులో చోటు పోతుంది. పైగా, ఆ ఎండిన కర్ర తన తప్పని ఒప్పుకోవాలి. అలా ఆలోచిస్తూ చెప్పులు వెతుక్కుంటూ కూచున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

ఇంటికొచ్చాక వరహాలమ్మ కాళ్ళు కడుక్కుని పొయ్యి ముట్టించింది. అన్నం వండింది, దానయ్యకి చేప పులుసు విడిగా కాచి పెట్టింది, "ఇంకాస్త వేసుకో బావా" అని కొసరింది కూడా. తిడితే బాగుండునని మల్లేశ్వరరావుకి అనిపించింది. తిట్టిన పెళ్ళాంతో ఎలా మాట్లాడాలో మొగుడికి తెలుస్తుంది, కొసరి వడ్డించే పెళ్ళాంతోనే తెలీదు.

సోమవారం మూటలు కడుతుంటే చూశాడు. పడవ కోసం తీసిపెట్టిన సామాన్లలోంచి ఆమె తనవి ఏరుతోంది. చిన్న కుంపటి, పోపుల డబ్బా, పక్కన పెట్టుకునే ట్రంకుపెట్టె. అవన్నీ వేరే మూట.

"ఇవెక్కడికి?"

"భన్‌పురి. నాంచారి ఇంటికి." నాంచారమ్మ ఆమె చెల్లెలు. "క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా. నువ్వు తిరిగొచ్చేదాకా అక్కడుంటాను."

తిరిగి రావడమన్నది ఆ ఆలోచనలో ఎప్పుడూ లేదు. అయినా ఆయన ఊఁ అన్నాడు.

షాపు భోంగా పనివేళకి కూత పెట్టింది. ముప్ఫై మూడేళ్ళ అలవాటున లేచి నిలబడ్డాడు, వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ కూచున్నాడు. దానయ్య వాకిట్లో మంచం మీంచి పిలిచి ఉపాయం చెప్పాడు. ఓ కోణ్ణి కోసి, పాదం పడిన చోట అంచు చిత్రిక పట్టి ఆ పొర తీసెయ్యమన్నాడు. ఆ మాట వంటింట్లోకి వినబడుతుందని ఇద్దరికీ తెలుసు.

మంగళవారం తెల్లారగట్ల మల్లేశ్వరరావు సంచిలో చిత్రిక పట్టే రందా పెట్టుకుని బస్సెక్కి ఒక్కడే ఖదాన్‌కి వెళ్ళాడు. పడవ సగం దాకా మునిగి నిశ్శబ్దంగా కూచుంది. డబ్బాతో నీళ్ళు తోడాడు. ఎండ నెత్తికెక్కేదాకా తోడితే అడుగు కనబడింది. బీడీ ముట్టించి కూచున్నాడు. బీడీ అయిపోయింది, నీళ్ళు రాలేదు. రెండో బీడీ కాల్చాడు. పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మధ్యలో ఆమె కూరిన దూది గుగ్గిలంతో కలిసి రాయైపోయింది. వేలు పెట్టి సందు సందూ తడిమాడు. ఇరవై రెండడుగుల పొడవునా ఒక్క చోట మాత్రం చెమ్మ ఉంది, అడుగున కుడి వైపు మూడో పలక దగ్గర. ఆ సందు మాఘంలో ఆమెకి జ్వరమొచ్చినప్పుడు తను కూరాడు. తొందరగా కూరాడు.

ఆ తరవాత రందా తీసి అంచు మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడంటే, దానయ్య సాయంత్రం అడుగుతాడు కనక. ఒక పట్టు పట్టాడు. సన్నటి పొర ఉంగరం తిరిగి వచ్చింది. ఆరేళ్ళు ఆమె మోచెయ్యి ఆనించి నిలబడగా నున్నగా అరిగిన చోటది. కింద తెల్లటి కర్ర కనబడింది. రెండో పట్టుకి చెయ్యి సాగలేదు. ఖదాన్‌లో ఎవరూ లేరు, అయినా అటూ ఇటూ చూశాడు. సిగ్గు అంటే నలుగురు చూసినప్పుడు వచ్చేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. రందా సంచిలో పెట్టేసుకుని, ఆ పొర నీళ్ళలో పారేసి, బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాడు.

ఆ సాయంత్రం దానయ్య షాపులు చూడ్డానికి బజారుకెళ్ళిన వేళ చూసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వరహాలమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది.

"వరాలూ. పడవలోకి నీళ్ళు రావట్లేదు. కర్ర ఊరింది."

"ఊఁ."

"నీ కాలి వల్ల కాదు. నాకు ఆదివారమే తెలుసు."

"నాకూ తెలుసు," అందామె, చేట మీంచి తలెత్తకుండా. "ఉగాది వెళ్ళాక ఎండలు ముదిరితే తడి గోనెలు కప్పుదాం, సందులు విడుతున్నాయి అన్నాను. నువ్వేమన్నావు? నీకేం తెలుసే, నీళ్ళలో దిగితే అదే ఊరుతుంది అన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. ఇప్పుడే గుర్తొచ్చింది. అంటే ఆ ఖదాన్ గట్టున ఆమె మూగగా నిలబడ్డంతసేపూ తను తెలిసే నోరు మూసుకున్నాడని ఆమెకి తెలుసు. మల్లేశ్వరరావుకి మెడ నించి చెవుల దాకా వేడెక్కింది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావని చూశాను."

చేటలో రాయి ఒకటి దొరికింది. తీసి గుమ్మం బయటికి విసిరింది.

"తప్పయిపోయింది వరాలూ."

"ఆదివారం అక్కడ నలభై మంది ఉన్నారు మావా. ఇప్పుడు వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను." చేట పక్కన పెట్టింది. "ఎక్కడన్నా కారుతోందా ఇంకా?"

"కుడి వైపు. మూడో పలక."

"అది నువ్వు కూరింది," అని లేచి వెళ్ళి ఎసరు పెట్టింది.

బుధవారం పొద్దున లేచేసరికి గుమ్మం దగ్గర పేనిన దూది ఒక ఉండ, గుగ్గిలం ముంత, మొండి ఉలి పెట్టి ఉన్నాయి. వరహాలమ్మ రాలేదు. ఆయనే వెళ్ళి, కుడి వైపు పైకొచ్చేలా పడవని గట్టుకి ఒరగదీసి, ఉన్నది పీకేసి, ఆమె కూర్చునే భంగిమలోనే ఒక మోకాలు ముడుచుకుని కూర్చుని, ఆ సందు మళ్ళీ కూరాడు. మూరెడు కూరేసరికి నడుం పట్టేసింది. అలాంటి మూరలు ఆమె ఎన్ని కూరిందో లెక్కేద్దామని మొదలుపెట్టి మధ్యలో మానేశాడు.

గురువారం లారీ వచ్చింది. పడవని గొలుసులేసి పైకి లాగుతారని కబురు తెలిసి మళ్ళీ జనం వచ్చారు, ఆదివారమంత మంది కాదు, పాతిక మంది. వరహాలమ్మ తన మూటలతో వచ్చింది. దార్లో భన్‌పురిలో దిగిపోతుందని అందరికీ చెప్పింది. పడవ ఏటవాలు మీదికి ఎక్కుతుంటే దానయ్య లోపలికి తొంగి చూశాడు. అడుగు పొడిగా ఉంది. అంచు మీద తెల్లటి చార కనబడింది. ఆయన మొహం విప్పారింది.

"సూసినారా," అన్నాడు అందరితో. "మైల పొర తీసీసరికి ఎలా ఎండినాదో. ఏ కట్టూ ఊరికే పెట్టలేదు మన పెద్దోళ్ళు."

అందరూ తలలూపారు. వరహాలమ్మ వచ్చి ఆ తెల్లటి చార మీద బొటనవేలు పెట్టి రాసి చూసింది. "ఒక్క పట్టే పట్టావా?" అంది మెల్లిగా, ఆయనకి మాత్రమే వినబడేలా.

అప్పుడు మల్లేశ్వరరావు గొలుసు వదిలేసి గట్టు మీదికి వచ్చాడు. ప్రసంగాలు తెలిసిన మనిషి కాదు. షాపులో హాజరు పలికినట్టు పలికాడు.

"అన్నా, పొర వల్ల కాదు. కర్ర ఎండింది, నీళ్ళకి ఊరింది. నాకు ఆదివారమే తెలుసు. అందరూ ఈవిణ్ణి అంటుంటే నోరు మూసుకున్నాను. ఎక్కమన్నది నేనే. ముప్ఫై ఏళ్ళ నించి ఎక్కమంటున్నాను. మన ఊరి కట్టు సంగతి ఒక్కనాడూ చెప్పలేదు. సందులన్నీ ఈవిడే పూడ్చింది. నేను పూడ్చిందొక్కటే కారింది."

చెప్పేశాక గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. పాతిక మంది కళ్ళూ ఇప్పుడు తన మీదున్నాయి, ఆదివారం ఇవే ఆమె మీదున్నాయి. ఇంత బరువా అనుకున్నాడు. ఆదివారం ఆ బరువు మోస్తూ ఆమె ఇంటికెళ్ళి పులుసు కాచింది.

 దానయ్య కోప్పడలేదు.

"కర్ర ఊరతాదని నాకు తెలీదేట్రా?" అన్నాడు. "పుట్టినకాడినించి పడవల మీదున్నోణ్ణి. నాను పడవ కోసరం అనలేదు, కట్టు కోసరం అన్నాను. ఈయేళ ఒకర్తి ఎక్కితే రేపు ఇంకోర్తి ఎక్కుతాది. నీ పెళ్ళాం నీ ఇష్టం. మా రేవులో మాత్రం ఆ పడవకి సోటు లేదు." కండువా దులిపి భుజాన వేసుకుని టెంపో వైపు నడిచాడు. రైలు టైమెంతని దార్లో ఎవర్నో అడిగాడు.

అందరికీ తెలుసన్న మాట. దానయ్యకి, ఆమెకి, తనకి. తెలిసి తెలిసే ఇద్దరు మగాళ్ళు ఒక మనిషి పాదం మీద నింద వేశారు, ఆ మనిషి కూడా తెలిసే నిలబడి చూసింది. మల్లేశ్వరరావుకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"పిన్నీ, టైమవుతోంది, గాడీ తియ్యాలి," అన్నాడు పరదేశి. పడవ అప్పటికి లారీ మీదికెక్కి తాళ్ళు బిగించుకుంది. "కేబిన్‌లో జాగా ఖాళీయే ఇప్పుడు. భన్‌పురి దాకా కూర్చుంటావా?"

వరహాలమ్మ మూట భుజానికి తగిలించుకుంది. కుచ్చిళ్ళు ఎత్తి దోపింది. లారీ టైరు మీద ఒక కాలు, పక్క చెక్క మీద ఒక కాలు వేసి పైకెక్కింది. ఆయన చెయ్యి అందించబోయాడు. "ఎక్కగలను," అంది. తెల్లటి చార మీదే అడుగేసి పడవలోకి దిగింది. మూట విప్పి, కుంపటి తీసి పొయ్యి గూట్లో పెట్టి చూసింది. సరిపోయింది.

"రేవు లేదు కదా వరాలూ," అన్నాడాయన కింద నించి. "ఎక్కడికని?"

"తీరమంతా మీ అన్నదేనా? భీమిలి కాకపోతే కళింగపట్నం." గూడుకి ఆనుకుని కూచుంది. ఆయన టైరు మీద కాలు పెట్టాడు. "నువ్వు కేబిన్‌లో కూచో మావా," అంది. కసిరినట్టు లేదు, పిలిచినట్టూ లేదు.

కేబిన్‌లో కూచున్నాడు. మొదటి ప్రయాణం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేస్తారని ముప్ఫై ఏళ్ళు అనుకున్నాడు. పక్క అద్దంలోంచి ఆమె చీర కొంగు గాలికి ఎగరడం ఒక్కటే కనిపిస్తోంది. భన్‌పురి వచ్చింది. నాంచారమ్మ ఇంటి సందు దగ్గర పరదేశి బండి నెమ్మది చేశాడు. పైనించి ఏ మాటా రాలేదు. సందు దాటిపోయింది. మల్లేశ్వరరావు ఊపిరి వదిలాడు కానీ వెనక్కి తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు.

ఊరి మధ్య రైలు గేటు పడి ఉంది. అటూ ఇటూ రిక్షాలు, సైకిళ్ళు, కూరగాయల తట్టలు ఆగిపోయాయి. నీళ్ళు లేని ఊళ్ళో లారీ మీద పడవ, పడవలో తీరిగ్గా కూచున్న ఆడమనిషి. జనం మూగారు. ఒక ముసలి రిక్షావాడు కేబిన్ దగ్గరికొచ్చి, "కిస్‌కీ నావ్ హై భయ్యా?" అని అడిగాడు.

పరదేశి ఆయన వైపు తిరిగాడు. "ఎవరి పడవంటున్నాడు బాబాయ్. ఏం చెప్పమంటావు?"

మల్లేశ్వరరావు తలుపు తెరిచి కాలు మెట్టు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. గేటు దగ్గరున్న వాళ్ళందరూ ఆయన వైపు చూశారు.

"జో ఊపర్ బైఠీ హై, ఉస్‌కీ," అన్నాడు గట్టిగా. పైన కూచుందే, ఆవిడది.

"ఔర్ ఆప్?" మరి మీరెవరని.

"మై మిస్త్రీ హూఁ," అన్నాడు. "సాథ్ మే జా రహా హూఁ." మేస్త్రీని, వెంట వెళ్తున్నాను.

రిక్షావాడు తలూపి, పైన కూచున్నామెకి చెయ్యెత్తి రామ్ రామ్ చెప్పాడు. గూడ్సు బండి వెళ్ళిపోయింది, గేటు లేచింది. పరదేశి అద్దంలో చూస్తూ ఆగాడు. కేబిన్ పైకప్పు మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టిన చప్పుడైంది. పోనియ్యమని. పరదేశి గేరు వేసి, సముద్రం వైపు పోయే ధమ్తరీ రోడ్డు పట్టాడు.